జీతం కార్డు, పాల కార్డు, మామిడి కార్డు

పిల్లలకి డబ్బు సంగతులు నేర్పాలి అని ఎవరైనా అనగానే నాకు వచ్చే అనుమానం ఒకటే, ఎవరింటి డబ్బు సంగతులు? ఒకటో తారీఖు జీతం పడే ఇంటివా, పాల బిల్లు ఎప్పుడొస్తుందా అని చూసే ఇంటివా, లేకపోతే తోతాపురి మామిడి ఏ రేటుకి పోయిందో తెలిస్తే గానీ పెద్దోడి కాలేజీ ఫీజు సంగతి తేలని ఇంటివా? నేనుండేది తిరుపతి, పనిచేసేది చిత్తూరు దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో, చెప్పేది లెక్కలు. ఈ మూడు రకాల ఇళ్ల పిల్లలూ నా క్లాసులో ఒకే బెంచీ మీద కూర్చుంటారు. వాళ్లందరికీ కలిపి "నెలనెలా కొంత దాచుకోవాలి పిల్లలూ" అని చెప్పేసి బయటికి వచ్చేయడం సులువే, కానీ అది ఉద్యోగస్తుల సలహా. నెలనెలా వచ్చేవాడికే నెలనెలా దాచడం కుదురుతుంది.

క్లాసునే ఒక చిన్న ఊరు చేసి, పిల్లలకి పనులిచ్చి, ఆ పనికి క్లాసు డబ్బులిచ్చి, కూర్చునే చోటికి అద్దె వసూలు చేసి, మిగిలినదాంతో వేలంలో ఏదో ఒకటి కొనుక్కోనిచ్చే పద్ధతి అమెరికా బడుల్లో ఎప్పటినుంచో ఉంది. వాన్‌గార్డ్ అనే పెట్టుబడుల సంస్థ 'మై క్లాస్‌రూమ్ ఎకానమీ' పేరుతో దానికి కావలసిన కాగితాలన్నీ ఉచితంగానే అందుబాటులో పెట్టింది. మన దగ్గర నేషనల్ సెంటర్ ఫర్ ఫైనాన్షియల్ ఎడ్యుకేషన్ అని ఒకటుంది, వాళ్లు ఆరు నుంచి పన్నెండో తరగతి పిల్లలకి ఎన్‌ఫ్లాట్ అనే పరీక్ష తెచ్చారు. పరీక్షలతో నాకు పేచీ లేదు, కానీ బడ్జెట్ అంటే ఏమిటో రెండు మార్కులకి రాయడం వేరు, చేతిలో ఇరవై మిగిలినప్పుడు దాన్ని ఏం చేయాలో తేల్చుకోవడం వేరు. అందుకే అమెరికా పద్ధతి నచ్చింది. ఒక్క చోట మాత్రం అడ్డం పడింది, అందులో ప్రతి పిల్లవాడికీ క్రమం తప్పకుండా జీతం వస్తుంది. మా ఊళ్లో అలా వచ్చేది ఎంతమందికి? అందుకని ఆటని మా ఊరికి తగ్గట్టు కొంచెం మార్చుకున్నాను. ఈ పోస్టంతా ఆ మార్పు గురించే.

మా క్లాసు డబ్బుకి పిల్లలు పెట్టుకున్న పేరు కాసులు. వడ్డికాసులవాడి కొండకి ఇంత దగ్గర్లో ఉంటే ఇంకేం పేరు తడుతుంది లెండి. నోట్లు అచ్చేసి ఇవ్వలేదు. ఎనిమిదో తరగతి పిల్లలకి జిరాక్స్ అంగడికి దారి నాకన్నా బాగా తెలుసు. నోట్ల బదులు పాస్‌బుక్కులు, అంటే చిన్న నోటుపుస్తకంలో గీతలు గీసి నాలుగు గళ్లు: తారీఖు, జమ, ఖర్చు, నిల్వ. శనివారం చివరి పీరియడ్లో ఇద్దరు బ్యాంకర్లు కూర్చుని ఒక్కొక్కరి పుస్తకం చూసి ఎర్ర పెన్నుతో టిక్కు పెడతారు. చాలామంది జమ రాస్తారు, ఖర్చు రాస్తారు, నిల్వ గడి మాత్రం ఖాళీగా వదిలేస్తారు. ఎందుకురా అంటే "ఎంతుందో తెలిసిపోతే కొనబుద్ధి కాదు సార్" అన్నాడొకడు. ఆ కారణం నాకు తెలిసిన చాలామంది పెద్దవాళ్లకీ వర్తిస్తుంది.

పనులు లాటరీ తీసే ఇవ్వాలి, దీని మీద నేను మొండిగా ఉంటాను. ఎవరికి నచ్చింది వాళ్లు తీసుకోండి అని వదిలేస్తే అరగంటలో ఊరంతా క్లాసులోకి వచ్చి కూర్చుంటుంది. బ్యాంకరు పని ఫలానా ఇళ్ల మగపిల్లలకి, బెంచీలు తుడిచే పని ఫలానా వీధి పిల్లలకి, ముగ్గు వేయడం, మొక్కలకి నీళ్లు పోయడం ఆడపిల్లలకి. ఎవరూ చెప్పక్కర్లేదు, వాళ్లంతట వాళ్లే అలా సర్దుకుంటారు, అదే భయం. అందుకని పేర్లు డబ్బాలో వేసి తీయడం, మూడు వారాలకోసారి మార్చడం, ఏ పనికైనా ఒకటే కూలి. అమెరికా పద్ధతిలో ఒక్కో పనికి ఒక్కో జీతం ఉంటుంది, దరఖాస్తు పెట్టుకుని పని సంపాదించుకోవాలి. అది కావాలనే వదిలేశాను.

ఇంకొన్ని విషయాలు ఈ ఆటలోకి రానివ్వకూడదు. మంచినీళ్లకి, బాత్రూంకి కాసులు తీసుకోవడం లాంటివి నా దగ్గర కుదరవు (కొందరు టీచర్లు బయటికి వెళ్లినప్పుడల్లా కోత పెడతారని విన్నాను, పిల్లవాడు కడుపు నొప్పితో లెక్క వేసుకోవాలా ఏంటి). మధ్యాహ్న భోజనంలో ఇచ్చే గుడ్డు, చిక్కీ కూడా బయటే. పిల్లలు ఎంత చురుకంటే రెండో వారానికే చిక్కీకి ఐదు కాసుల రేటు కట్టేశారు, మధ్యాహ్నం తినాల్సిన తిండి అమ్ముకుని పెన్ను కొనుక్కునే పిల్లవాడు నాకు వద్దు, అందుకని అదే రోజు ఆపేశాను. మార్కులకీ, బుద్ధిగా కూర్చున్నందుకూ కాసులు లేవు. 1973లో అమెరికాలో లెపర్, గ్రీన్, నిస్బెట్ అనే ముగ్గురు ఒక ప్రయోగం చేశారు, బొమ్మలు గీయడం ఇష్టమున్న చిన్నపిల్లల్లో కొందరికి గీస్తే బహుమతి ఇస్తామని ముందే చెప్పి గీయించారు, తర్వాత చూస్తే ఆ పిల్లలే మిగతావాళ్లకన్నా తక్కువగా బొమ్మల జోలికి వెళ్లారు. చదువుకి రేటు కడితే అలాగే అవుతుందని నా భయం.

ఇప్పుడు కార్డుల సంగతి. జూలై నుంచి దసరా సెలవుల లోపు పన్నెండు వారాలు ఆట. పని అందరికీ ఉంటుంది, అద్దె అందరికీ వారానికి 30 కాసులు, డబ్బు వచ్చే తీరు మాత్రం కార్డుని బట్టి మారుతుంది. జీతం కార్డు వచ్చినవాళ్లకి వారానికి 50. పాల కార్డు వాళ్లకి రెండు వారాలకోసారి 100. మామిడి కార్డు వాళ్లకి పదో వారం ఆఖరు దాకా ఏమీ రాదు, అప్పుడు డబ్బాలోంచి మడత కాగితం తీస్తారు, అందులో 300 ఉండొచ్చు, 600 ఉండొచ్చు, 900 ఉండొచ్చు. సగటున చూస్తే మూడు కార్డులకీ 600 కాసులే. కార్డు ఎవరికి ఏది రావాలన్నది కూడా లాటరీయే, ఇంట్లో మామిడి తోట ఉన్న పిల్లకి జీతం రావొచ్చు, తిరుమలలో ఉద్యోగం చేసే నాయన కొడుక్కి మామిడి రావొచ్చు. అలా వచ్చిందే మంచిది.

మొదటి శనివారం చూడాలి. జీతం కార్డు వాళ్లు అద్దె కట్టేసి ఇరవై మిగుల్చుకుని కులాసాగా ఉన్నారు. పాల కార్డు వాళ్లు ఒక వారం ఆగమని బతిమాలారు. మామిడి వాళ్లు పాస్‌బుక్కు తెరిచి ఖాళీ గళ్ల వైపు చూస్తూ నిలబడ్డారు. వాళ్లని చూసి జీతం కార్డు పిల్ల ఒకతి అన్న మాట, "వాళ్లకి దాచుకోవడం రాదు సార్." ఏం దాచుకోవాలి, ఇంకా రాందే? ఈ ఒక్క మాట కోసమే కార్డులు పెట్టానని నాకు అప్పుడు అనిపించింది. ఈ మాట నేను స్టాఫ్ రూముల్లో, బ్యాంకు క్యూల్లో, పెళ్లి భోజనాల దగ్గర ఎన్నిసార్లు విన్నానో, రైతుల గురించి, కూలీల గురించి.

అప్పులు మొదలయ్యాయి. క్లాసు బ్యాంకు వారానికి నూటికి ఒక కాసు వడ్డీకి ఇస్తుంది, కాకపోతే అర్జీ రాయాలి, పాస్‌బుక్కులో నిల్వ గడి నింపి ఉండాలి, ఇద్దరు హామీ సంతకం పెట్టాలి, శనివారం తప్ప ఇవ్వరు. ఈలోగా జీతం కార్డు వచ్చిన ఒక పిల్లవాడు సొంతంగా వడ్డీ వ్యాపారం తెరిచాడు. వాడి పుస్తకం చూస్తే నాకు నవ్వూ వచ్చింది, కాస్త దిగులూ వేసింది. పొడవాటి పాకెట్ నోట్‌బుక్కు, పైన పిళ్లారి సుళి, కింద పేరు, తీసుకున్నది, వారం, వడ్డీ, పక్కన బాకీదారు సంతకం. నూటికి ఐదు కాసులు, వారానికి. అర్జీ లేదు, హామీ లేదు, అడిగిన నిమిషంలో ఇస్తాడు. అంత పెట్టుబడి వాడికి ఎక్కడిదంటే, మిగతా జీతం కార్డు వాళ్ల దగ్గర మిగిలిన ఇరవైలు నూటికి రెండు చొప్పున తీసుకుని ఐదుకి తిప్పుతున్నాడు. అది బ్యాంకు చేసే పనే అని వాడికి చెప్తే ఒక వారం పాటు కాలర్ ఎగరేసుకుని తిరిగాడు. కంపాస్ బాక్సులు తాకట్టు పెట్టించుకుంటున్నాడని తెలిసినప్పుడు మాత్రం అవన్నీ విడిపించేశాను, అవి ఇంట్లోవాళ్లు దుడ్లు పెట్టి కొన్నవి, కాసుల ఆటలోవి కావు.

బ్యాంకు ఐదో వంతు వడ్డీకే ఇస్తుంటే వాడి దగ్గరికి ఎందుకు పోతున్నారు అని మామిడి కార్డు పిల్లల్ని అడిగాను. "బ్యాంకులో ఐతే ఇద్దరు సంతకం పెట్టాల సార్, ఎవురూ పెట్టరు. వీడు ఐతే అప్పుడే ఇస్తాడు." ఇంకొక పిల్ల మెల్లగా, "బ్యాంకర్ల ముందర నిలబడి అడగాలంటే సిగ్గు సార్" అంది. రెండోది ఏ పాఠ్యపుస్తకంలోనూ ఉండదు.

ఆ వారం లెక్కల పీరియడు అంతా దీనికే పోయింది. వారం వారం 30 చొప్పున పది వారాలు అప్పు తీసుకుని పదో వారం ఆఖరున అంతా ఒకేసారి తీర్చేవాడికి అసలు 300, వడ్డీ వ్యాపారి దగ్గరైతే బారు వడ్డీకే 82 కాసుల యాభై పైసలు, బ్యాంకులో అయితే 16 యాభై. ఇక బయటి లెక్కకి వచ్చి, మీ ఊళ్లో అప్పు ఎంతకి ఇస్తారు అంటే క్లాసంతా ఒకేసారి "రెండు రూపాయలు" అన్నారు. ఏడాదికి ఎంత శాతం అంటే సగంమంది రెండు శాతం అనే అన్నారు. నూటికి నెలకి రెండు అంటే ఏడాదికి 24 శాతం అని బోర్డు మీద పడేసరికి వెనక బెంచీల్లో గుసగుసలు. ఆ వడ్డీ నెలనెలా కట్టకుండా అసల్లో కలుపుకుంటూ పోతే వంద రూపాయలు ముప్పై ఐదో నెలకి దాదాపు రెండు వందలవుతాయి. ఎనిమిదో తరగతి పుస్తకంలో చక్రవడ్డీ సూత్రం ఉంది, పిల్లలు బట్టీ పట్టి మార్కులు తెచ్చుకుంటారు కూడా, కానీ ఆ సూత్రంలో వాళ్ల నాయన బాకీ పెట్టి చూసింది ఆ రోజే అనుకుంటా.

మూడు లక్షల లోపు పంట రుణం మీద రైతుకి వడ్డీ 7 శాతం, గడువులోగా తీరిస్తే 4 శాతమే పడుతుంది. ఇది చెప్పగానే ముందు బెంచీ పిల్లవాడు, మరి అందరూ బ్యాంకులోనే తీసుకోవచ్చు కదా అన్నాడు. జవాబు నేను చెప్పక్కర్లేకపోయింది. "మాది కౌలు. భూమి పాస్‌బుక్కు మా పేరు మీద లేదు" అంది ఒక పిల్ల. కౌలు రైతుకి సాగు హక్కు పత్రం ఇచ్చే చట్టం మన రాష్ట్రంలో 2019లో వచ్చింది, కాకపోతే దానికి భూమి సొంతదారు ఒప్పుకుని ఒప్పందం మీద సంతకం పెట్టాలి. హామీ సంతకం ఎవురూ పెట్టరు సార్ అన్న పిల్లవాడు ఇది విని పక్కవాడి డొక్కలో పొడిచాడు.

సంతకాల మాట వచ్చింది కాబట్టి, కుబేరుడి అప్పు కథ అడిగారు. పెళ్లి కోసం శ్రీనివాసుడు కుబేరుడి దగ్గర అప్పు చేశాడని, బ్రహ్మ, శివుడు, రావిచెట్టు సాక్షులని ఇక్కడ ప్రతి ఇంట్లో చెప్పుకునేదే. దేవుడికే సాక్షులు కావాల్సి వచ్చింది అనేది వాళ్లకి బాగా నచ్చింది, మరుసటి శనివారం నుంచి బడి ఆవరణలో ఉన్న వేపచెట్టుని మూడో సాక్షిగా రాయడం మొదలుపెట్టారు. బ్యాంకర్లు ఒప్పుకోలేదు. వేపచెట్టు దగ్గర బాకీ వసూలు చేయలేమట.

చీటీ పెడదామన్న ఆలోచన నాది కాదు. పది మంది కలిసి వారానికి తలా 10 కాసులు వేసి, మొత్తం వంద వేలం పాడదామని వాళ్లే వచ్చారు. వాళ్ల అమ్మలు చీటీలు వేసేవాళ్లే, పాట ఎలా సాగుతుందో నాకన్నా వివరంగా తెలుసు. చీటీ నడిపేవాడి కమీషను చట్టప్రకారం ఐదు శాతం దాటకూడదని ఉండేది, 2019 సవరణతో దాన్ని ఏడు చేశారు అని చెప్పాను. ఏడైతే పదిమందికి పంచేటప్పుడు లెక్క పాడైపోతుందని వీళ్లు ఐదే పెట్టుకున్నారు. మొదటి పాట డెబ్భైకి పోయింది. పాడింది మామిడి కార్డు పిల్ల, చేతికి 70 వచ్చాయి, తగ్గిన ముప్పైలో నడిపేవాడికి 5, మిగతా 25 పదిమందికి రెండున్నర చొప్పున. అంటే ఆ వారం ఒక్కొక్కరూ వేసింది ఏడున్నరే. చీటీ అంటే దాచుకునేవాడికి పొదుపు, పాడుకున్నవాడికి అప్పు, ఒకే పుస్తకంలో రెండూ ఉంటాయని వాళ్లు నాకు అరగంటలో చూపించారు. ఐదో వారం చీటీ నడిపే పిల్లవాడు జ్వరమొచ్చి పుస్తకంతో సహా రెండు రోజులు బడికి రాలేదు. "సార్, వాడు ఐపీ పెట్టేశాడు" అని క్లాసంతా ఒకటే గోల, సగం నవ్వు, సగం నిజంగానే టెన్షన్. రిజిస్టరైన చీటీకి, నోటి మాట చీటీకి తేడా చెప్పడానికి అంతకన్నా మంచి రోజు దొరకదు కాబట్టి చెప్పేశాను.

పదో వారం కాగితాలు తీశాం. ఒకరికి 900 వస్తే క్లాసంతా కేకలు. వడ్డీ వ్యాపారికి పది వారాల బాకీ ఉన్న పిల్లవాడికి 300 వచ్చింది. వాడే బోర్డు దగ్గరికి వచ్చి లెక్క వేశాడు, 382.50 లోంచి 300 తీసేస్తే 82.50. పంట అసలుకి సరిపోయింది, వడ్డీ అంతా అలాగే నిలబడింది, ఇంకా రెండు వారాల అద్దె ఉంది. వాడు పని ఎగ్గొట్టింది లేదు, వేలంలో ఒక్క వస్తువు కొన్నది లేదు. దాచుకోవడం రాదు అన్న పిల్ల ఏమైనా అంటుందేమోనని చూశాను, తల వంచుకుని తన పాస్‌బుక్కులో ఏదో గీస్తోంది.

అప్పుడు లేచింది గొడవ. 2025 జూన్‌లో తోతాపురి ధర పడిపోయినప్పుడు ఫ్యాక్టరీలు కిలోకి 8 రూపాయలు ఇవ్వాలని, ప్రభుత్వం 4 కలిపి 12 చేస్తుందని ప్రకటించారు కదా, మరి మా క్లాసు ప్రభుత్వం ఏమీ కలపదా అని మామిడి వాళ్లు. క్లాసు ప్రభుత్వం అంటే అద్దెలు జమ అయ్యే పెట్టె. ఆ పెట్టెలో ఉన్నది మేం కట్టిన అద్దెలే, మేమెందుకు కలపాలి అని జీతం వాళ్లు. మేమూ అప్పు చేసి మరీ అద్దె కట్టాం, అది మా దుడ్లు కూడా అని వీళ్లు. ఫ్యాన్ కింద బెంచీ వేలంలో కొనుక్కున్నవాడు మధ్యలో దూరి, కరెంటు పోయిన రోజులకి తన డబ్బు వెనక్కి ఇవ్వమని వేరే అర్జీ పెట్టాడు. నేను కల్పించుకోలేదు. గంట కొట్టేదాకా వాదించుకుని ఓటు పెట్టుకున్నారు, 300 వచ్చిన వాళ్లకి పెట్టెలోంచి తలా 60 ఇవ్వాలని తీర్మానమైంది, వడ్డీ వ్యాపారి కూడా సగం వడ్డీ వదులుకోవాలని కలిపారు. వాడు ఒప్పుకున్నాడు గానీ, ఇకమీదట మామిడి కార్డు వాళ్లకి హామీ లేకుండా ఇవ్వనని పుస్తకంలో రాసుకున్నాడు.

తల్లిదండ్రుల మీటింగు రోజు ఈ పుస్తకాలన్నీ బల్ల మీద పెట్టాను. కొందరు నాయనలు నవ్వి ఊరుకున్నారు. డ్వాక్రా సంఘం లెక్కలు రాసే ఒకమ్మ మాత్రం కుర్చీ లాక్కుని కూర్చుని బ్యాంకర్ల పుస్తకం పేజీ పేజీ చూసింది. "అయ్యోరూ, ఈడ సూడు, వడ్డీ, అసలు ఒకే గడిలో కలిపేసినారు. రేపు బాకీ ఎంతని అడిగితే ఏం చెప్తారు?" అని, పెన్సిలుతో గీత గీసి అసలుకి ఒక గడి, వడ్డీకి ఒక గడి విడదీసి చూపించింది. ఇప్పుడు మా పుస్తకాలకి ఐదు గళ్లు. ఆమెని ఒక శనివారం క్లాసుకి వచ్చి సంఘం లెక్కలు ఎలా రాస్తారో చెప్పమని అడిగాను, పిల్లల ముందర నాకేం వస్తుంది సామీ అంటూనే వచ్చి గంటన్నర చెప్పింది.

నిజం ఖాతా సంగతి కూడా చెప్పాలి కదా. పదేళ్లు దాటిన పిల్లలు తమ పేరుతో సేవింగ్స్ ఖాతా తెరిచి తామే నడుపుకునే వీలు ఇవ్వొచ్చని రిజర్వ్ బ్యాంక్ 2014లోనే బ్యాంకులకి చెప్పింది, పోస్టాఫీసులో కూడా ఆ వీలుంది. అడిగినవాళ్లకి కావలసిన కాగితాలేంటో చెప్పి పంపాను, అడగనివాళ్లని అడగలేదు. ఎవరింట్లో ఎంతుందో క్లాసులో బయటపడే పని ఏదీ పెట్టను, కాసులు ఉన్నదే అందుకు.

దసరా సెలవులయ్యాక రెండో విడత. కార్డులు మళ్లీ లాటరీ వేస్తామని చెప్పాను. మరుసటి రోజే నా బల్ల మీద ఒక అర్జీ ఉంది, తెల్ల కాగితం, మార్జిను కొట్టి, "గౌరవనీయులైన సార్ గారికి" అని మొదలుపెట్టి, లాటరీ వద్దని, అందరికీ జీతం కార్డే ఇవ్వాలని కోరుతూ. కింద సంతకాల్లో కిందటి విడత మామిడి కార్డు వాళ్లవే ఎక్కువ, తొమ్మిది వందలు వచ్చిన పిల్లది కూడా ఉంది. వడ్డీ వ్యాపారం చేసినవాడు మాత్రం సంతకం పెట్టలేదు.